పిలిస్తేనే రండి

కంప్యూటర్ మీట నొక్కాక
ఐదు నిమిషాలకు గానీ బాణం కదలదు.
కాఫీ కాచుకుని,
కిటికీ అద్దానికి పట్టిన సముద్రపు ఉప్పు తుడిచి వచ్చినా
అది ఇంకా అక్కడే,
కాళ్ళు రాని గొర్రెపిల్లలా.

సూవురోయ్ దీవిలో, రేవు వెనక, మా అల్లికల షెడ్డు.
స్వెట్టర్లు అల్లే యంత్రం నా కన్నా నాలుగేళ్ళు చిన్నది.
దాని భాష తెలిసిన ప్రోగ్రాం మాత్రం
ఏనాడో కాలం చేసిన విండోస్‌లో తప్ప ఊపిరి తీయదు.
అందుకే మార్యున్ ఉన్న రోజుల్లోనే
రూని పడవెక్కి వచ్చి
కొత్త కంప్యూటర్ కడుపులో పాతదాన్ని కట్టి పోయాడు.
వర్చువల్ మెషీన్ అన్నాడు.
మార్యున్ 'లోపలి గది' అంది.
ఆ పేరే నిలిచింది.

లోపలి గది తలుపు నెలకు నాలుగు రోజులు తీస్తాం.
దాని నౌకర్లు ముప్పై రోజులూ మేలుకునే ఉంటారు.

గాలి హోరుకి నిద్ర పట్టని ఒక రాత్రి
సర్వీసుల జాబితా తెరిచాను. చాంతాడంత.
మధ్యలో వీళ్ళు నలుగురు, ఒకే ఇంటిపేరుతో, వరసగా:
లోపలివాళ్ళకు చిరునామాలు పంచేవాడు,
లోపలి మాటకు వేషం మార్చి బయటికి పంపేవాడు,
తలుపు ఎవరు తట్టచ్చో చూసే కావలివాడు,
యూఎస్‌బీ తీగ ఎవరిదో తగవు తీర్చే పెద్దమనిషి.
నలుగురికీ ఎదురుగా ఒకటే మాట, ఆటోమేటిక్.
రాని చుట్టానికి రోజూ విస్తరేసి
దీపం పెట్టుకుని కూర్చున్నట్టు.
దీపం నూనె నాది.

కోపమొచ్చి అందరినీ డిసేబుల్ చేశాను.
మర్నాడు బాణం పరిగెత్తింది.

బుధవారం తెలిసొచ్చింది.
పడవ పందేల జట్టుకి పద్దెనిమిది స్వెట్టర్లు,
లోపలి గది తెరిస్తే
యంత్రం కనిపించడం లేదంటుంది.
మూడడుగుల దూరంలో, ఏనుగంత యంత్రం!
తీగ పీకాను, ఊదాను, గుచ్చాను, తిట్టాను.
గాలికి పడవ రద్దు. రూని ఫోన్లో నవ్వాడు:
"పెద్దమనిషిని కూడా వెళ్ళగొట్టావా?"

వెళ్ళగొట్టక్కర్లేదట. మాన్యువల్ అని ఒకటుందట.
ఉంటారు. పిలిస్తేనే లేస్తారు.
ఇప్పుడు తెర మీద రెండు చిన్న ఫైళ్ళు,
ఒకటి 'రండి', ఒకటి 'పొండి'.
ఒక్కోదాంట్లో నాలుగు లైన్లు.
అడ్మినిస్ట్రేటర్ హోదాలో పిలవాలి,
మామూలుగా పిలిస్తే పలకరు, ఇంటి పిల్లల్లా.

ఒక సంగతి రూనికి చెప్పలేదు.

మార్యున్ ఏనాడూ గదిని మూసేది కాదు,
ఉన్నదున్నట్టు నిద్రపుచ్చేది.
ఆమె పోయాక మొదటిసారి లేపినప్పుడు
నలభైమూడో వరసలో కర్సర్ కొట్టుకుంటోంది,
పేరు పెట్టని డిజైన్, మూడు కుట్లు ఖాళీ.
మూల గడియారంలో మార్చి పద్నాలుగు, మూడుంబావు.
చూస్తుండగానే అది ఉలిక్కిపడి
ఒక్క గెంతులో నా తారీఖుకి వచ్చేసింది.

ఆ గెంతించేవాణ్ణి వెతికాను.
వాడు బయట లేడు, లోపలే ఉన్నాడు,
కాలం సరిచూడటమే వాడి కొలువు.
ఈ ఒక్కణ్ణి మాత్రం మాన్యువల్‌లో పెట్టలేదు.
గడియారాన్ని వెనక్కి తిప్పి
వాడి నోరు మూయించాను.

అప్పట్నించీ లోపల కాలం
మేం పని చేసినంతసేపే నడుస్తుంది.
పద్నాలుగు నెలలకు ఏప్రిల్ రెండుకి చేరింది.
మార్యున్ పోయింది మే తొమ్మిదిన.
లోపల ఇంకా గొర్రెలు ఈనలేదు.

ఈ పూట మూడు స్వెట్టర్లు మిగిలాయి.
నీలం ఉన్ని చాలేట్టు లేదు.
నాలుగయింది. గదిని నిద్రపుచ్చి
'పొండి' నొక్కాను.
ఆగింది, ఆగింది, ఆగింది.
పెద్దమనిషి మాత్రం కొంచెం ఆలస్యంగా.